కనిపించని కుట్టు

మా అన్నయ్యని అందరూ కుట్టుమేస్త్రి అంటారు. ఆ పేరు విని, ప్యాంటు పొడవు తగ్గించమని సంచి పట్టుకుని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఒకాయన ఎంత చెప్పినా కదలకపోతే, నాకు ఒళ్ళు మండి వెల్డింగు గన్ను చూపించి, "ఇదండీ మా సూది, కుట్టమంటారా?" అని అడిగాను. అన్నయ్య కుట్టేది బట్ట కాదు, ఇనుము. కార్ల పొగగొట్టాలు కోయడం, వంచడం, అతకడం తన పని. తను వేసిన అతుకు మీద టాకాలన్నీ ఒకే కొలతలో, ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టుంటాయి. ముప్పై ఏళ్ళలో చేయి వణకలేదు. మాట మాత్రం తక్కువ. ఆ లోటు నేను తీరుస్తుంటాను.

నేను తన చెల్లెల్ని. షాపులో కౌంటరు నాది, ఫోన్లు నావి, తిట్లు కూడా నావే. నాకు ముక్కు మీద కోపమని మా వదిన అంటుంది. మూడు కార్లు పట్టే రేకుల షెడ్డు, మధ్యలో ఒక లిఫ్టు, ఓ మూల ఎప్పుడూ దగ్గుతూ ఉండే కంప్రెసరు, పైన రెండు గదుల ఇల్లు. అన్నయ్య, వదిన పైన ఉంటారు. నాది రెండు వీధుల అవతల. అయినా పొద్దున్న తొమ్మిదికి షట్టరెత్తేది నేనే.

ఇక్కడ కన్వర్టర్ గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఇంజనులోంచి పొగ బయటికి వెళ్ళే దారిలో, సైలెన్సరు కంటే ముందు, ఒక ఉబ్బెత్తు డబ్బా ఉంటుంది. దాని లోపల తేనెపట్టులా సన్నటి కన్నాలున్న పింగాణీ దిమ్మె. పొగలోని విషం అక్కడ చాలావరకు విరిగిపోతుంది. ఆ డబ్బానే కన్వర్టర్ అంటారు. రోజూ ఆఫీసుకి వెళ్ళే కార్లవాళ్ళకి అదొకటుందని కూడా తెలియదు. వేగం పిచ్చి ఉన్నవాళ్ళకి మాత్రం అది కంట్లో నలుసు. అది తీసేస్తే కారు ఊపిరి పీల్చుకుంటుందనీ, గొంతు బాగుంటుందనీ వాళ్ళ నమ్మకం. తీసేస్తే పొగ పరీక్షలో దొరికిపోతారు. అందుకని అన్నయ్య దగ్గరికి వచ్చేవాళ్ళు.

అన్నయ్య చేసే పని ఇంకెవరికీ చేతకాదు. డబ్బా నడుము దగ్గర కోసి, దిమ్మె తీసి, దాని రెండు చివరల నుంచి రెండు పలచటి బిళ్ళలు మాత్రం కోసుకుని మళ్ళీ యథాస్థానంలో పెట్టేవాడు. ఎటు నుంచి తొంగిచూసినా తేనెపట్టే కనిపిస్తుంది. మధ్యలో అంతా గుల్ల. బండి నిలబెట్టి నెమ్మదిగా ఇంజను తిప్పి చేసే ఏడాది పరీక్షకి ఆ రెండు బిళ్ళలూ సరిపోయేవి. తర్వాత డబ్బా అతికి, అరగదీసి నున్నగా చేసేవాడు. ఆ పైన పని నాది. పాత ఆయిలు, మసి, రోడ్డు మీది దుమ్ము కలిపి పూసి, మంట చూపించి, మళ్ళీ పూసేదాన్ని. నేను చేయి తీసేసరికి అది కంపెనీ నుంచి వచ్చిన రోజు నుంచీ ఎవరూ ముట్టని డబ్బాలా ఉండేది. కుట్టు అన్నయ్యది, ముసుగు నాది. అప్పట్లో మాకది తప్పుపనిలా అనిపించలేదు. ఇంత బాగా చేస్తున్నామే అని మురిసిపోయేవాళ్ళం. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, అయినా చెప్తున్నాను.

నాలుగేళ్ళ కిందట అన్నయ్య ఆ పని మానేశాడు. పొగ పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చే అనుమతి మా షాపుకి కావాలని దరఖాస్తు పెట్టిన రోజే, గుల్ల పని ఇక లేదన్నాడు. ఆ అనుమతి కోసం నేను మూడేళ్ళు రవాణా ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. ఎవరి బల్ల మీద ఫైలు నిద్రపోతోందో, ఎవరు ఎన్నింటికి సీట్లో ఉంటారో నాకు కంఠతా వచ్చేసింది. కిందటేడు వచ్చింది. గోడ మీద ఆకుపచ్చ బోర్డు పెట్టాం. దాన్ని రోజూ గుడ్డతో తుడిచేది నేనే, ఇంకెవరినీ తుడవనిచ్చేదాన్ని కాదు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. ముదురు నీలం రంగు, రెండు తలుపులు, నేలకి ఆనుకున్నట్టుండే కారు. అలాంటి కారులోంచి దిగే మనిషిలా లేదు. నలభై దాటిన వయసు, నూనె రాసి గట్టిగా దువ్విన జుట్టు, చేతిలో కాగితాల కట్ట. కారు దిగి, తలుపు నెమ్మదిగా వేసి, అద్దం సరిచేసి మరీ నా దగ్గరికి నడిచి వచ్చింది.

"నేను డ్రైవింగ్ టీచర్నండి," అంది. "ఈ కారుకి పొగ సరిగ్గా లేదంటున్నారు. మూడు షాపుల్లో చూపించాను, అంతా బాగుందన్నారు. మీరు నాలుగోవాళ్ళు."

కుర్చీ వేశాను. పాఠం చెప్పినట్టే, ఒకదాని తర్వాత ఒకటి చెప్పింది. పదిహేనేళ్ళుగా ఊళ్ళోవాళ్ళకి డ్రైవింగ్ నేర్పుతోంది. పక్క సీట్లో కూర్చుని కూర్చుని, తన కోసం ఒక్క మంచి కారు కొనుక్కోవాలని ఏడాదిన్నర కిందట ఇది కొంది, సెకండ్ హ్యాండులో. ఆదివారాలు కొండ రోడ్డు మీద పందేలు జరుగుతాయి, గడియారంతో పోటీ. అందులో మార్పులేమీ చేయని కార్లకి వేరే పందెం. దాంట్లో దిగింది. మూడో పందెంలో మొదటి స్థానం వచ్చింది. రెండోస్థానంవాడు అనుమానం పెట్టాడు. కమిటీవాళ్ళు ఇంజను గట్టిగా తిప్పి పొగ చూశారు, ఫెయిలైంది. కప్పు వెనక్కి తీసుకుని, మోసం చేసిందని నోటీసు బోర్డు మీద పెట్టారు.

"కప్పు పోతే పోయిందండి," అంది. "ఆ నోటీసు నకలు రవాణా ఆఫీసుకి కూడా పంపారు. మోసం చేసినావిడ డ్రైవింగ్ ఎలా నేర్పుతుందని నా లైసెన్సు మీద విచారణ పెట్టారు. వచ్చే బుధవారం. పదకొండు మంది నేర్చుకునేవాళ్ళు, ముగ్గురు మిగిలారు. మా అక్క కూడా అడిగింది, నిజంగా ఏమీ చేయించలేదా అని."

నేను మంచినీళ్ళిచ్చాను. ఈలోపు అన్నయ్య కారుని లిఫ్టెక్కించాడు. కింద నిలబడి లైటు వేసి చూశాడు. తర్వాత బొటనవేలు ఆ డబ్బా నడుము మీద పెట్టి, చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిప్పాడు. వేలు ఒకచోట ఆగింది. కారు రంగు చూసినప్పుడే నాకు అనుమానం వచ్చి ఉండాల్సింది, మట్టిబుర్రని.

అన్నయ్య వచ్చి చేతులు కడుక్కుని, "రేపు చెప్తానమ్మా. కారు ఉంచండి," అన్నాడు. ఆవిడ బస్సెక్కి వెళ్ళిపోయింది.

"మనదేనా?" అని అడిగాను.

"ఇరవై మూడోది. ఎర్ర కళ్ళద్దాలాయన చేయించాడు, ఆరేళ్ళయింది."

"అయితే నోరు మూసుకో," అన్నాను. "మూడు షాపులవాళ్ళు బాగుందన్నారు, మనం నాలుగోసారి బాగుందంటాం. దాన్ని చూసి కనిపెట్టే మొగాడు ఇంకా పుట్టలేదు."

"అందుకేగా ఆవిడ చస్తోంది," అన్నాడు అన్నయ్య. "డబ్బా బాగుందని అందరూ అంటుంటే, ఇంక ఇంజనులో ఏదో చేయించిందనే కదా అనుకుంటారు."

"కోసి చూపించమను. గుల్లని తెలిసిపోతుంది."

"గుల్లయితే ఎవరు చేయించారంటారు? కారు ఎవరిదో వాళ్ళే. కోస్తే ఇంకా గట్టిగా ఇరుక్కుంటుంది. ఎప్పుడు చేసిందో, ఎవరు చేసిందో చెప్పేవాడు కావాలి."

నేను ఒంటికాలి మీద లేచాను. నువ్వు వెళ్ళి చెప్తే ఆ బోర్డు ఉంటుందా అన్నాను. మూడేళ్ళు నేను తిరిగిన తిరుగుడు ఏమవుతుందన్నాను. ముక్కూమొహం తెలియని మనిషి కోసం మన నోట్లో మనమే మట్టి కొట్టుకోవాలా అన్నాను. అన్నయ్య అన్నీ విన్నాడు. తనతో ఉన్న బాధే అది, తిట్టినంతసేపూ శ్రద్ధగా వింటాడు, చివరికి తను అనుకున్నదే చేస్తాడు. ఈలోపు వదిన మెట్ల మీద నుంచి తొంగిచూసి, "అన్నాచెల్లెళ్ళ కచేరీ అయ్యాక భోజనానికి రండి. చల్లారితే మళ్ళీ వేడిచేయను," అంది.

అప్పుడు అన్నయ్య ఇంకో సంగతి చెప్పాడు. ప్రతి డబ్బా లోపలి గోడ మీద, అతికే ముందు, ఉలితో నంబరూ నెలా సంవత్సరమూ కొట్టేవాడట. నాకు అన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

"ఎందుకు?" అన్నాను. నాకు మతిపోయింది.

"అంత మంచి పని. బయట ఎవరికీ కనపడకూడదు. లోపలన్నా నా గుర్తు ఉండాలనిపించింది."

"దొంగతనం చేసి చిరునామా రాసి వచ్చేవాణ్ణి నిన్ను తప్ప ఇంకొకణ్ణి చూడలేదు."

"అదే ఇప్పుడు పనికొస్తుంది," అని తను భోజనానికి వెళ్ళాడు. నాకు ఆకలి చచ్చిపోయింది. బోర్డు కేసి చూస్తూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ వచ్చింది. అన్నయ్య నీళ్ళు నమలలేదు. ఆవిడని కారు కింద నిలబెట్టి, డబ్బా నడుము మీద వేలు పెట్టి, "ఇక్కడ కోసింది నేను. మీరు కొనకముందు, ఆరేళ్ళ కిందట. ఇందులో ఏమీ లేదు," అన్నాడు.

ఆవిడ తలెత్తి ఆ డబ్బా కేసి చూసింది. అరుస్తుందనుకున్నాను, నేనైతే అరిచేదాన్ని.

"నిన్న నేను ఇక్కడుండగానే మీకు తెలుసు కదా?" అంది.

"తెలుసు."

"మరి ఒక రాత్రి ఎందుకు ఆగారు?"

నేను మధ్యలోకి వెళ్ళి, "నేను వద్దన్నానండి," అన్నాను. ఆవిడ నా వైపు ఒక్క చూపు చూసింది. ఎర్రలైటు దాటేసినవాణ్ణి చూస్తారే, అలా. తర్వాత అన్నయ్యని అడిగింది, "బుధవారం వచ్చి చెప్తారా?"

"వస్తాను."

మిగిలిన రోజుల్లో అన్నయ్య చెప్తుంటే నేను వాంగ్మూలం రాశాను. అన్నయ్య చేతిరాత కంటే కోడి గీతలు నయం. "పొరపాటున ఈ మార్పు చేయడమైనది" అని రాశాను. "పొరపాటున కాదు, తెలిసే. కొట్టెయ్," అన్నాడు. "యజమాని ఒత్తిడి మేరకు" అని రాశాను. "ఒత్తిడేం లేదు, అడిగాడు, చేశాను," అన్నాడు. అలా నాలుగు కాగితాలు చింపాక ఆరు వాక్యాలు మిగిలాయి. ఆ ఆరింట్లో నా పేరు ఎక్కడా లేదు. నేను అడగలేదు, తను చెప్పలేదు. నాకు లోపల హాయిగానే అనిపించింది, అబద్ధం ఎందుకు.

బుధవారం పదింటికి రవాణా ఆఫీసు వెనకున్న ఖాళీ స్థలంలో విచారణ. గదిలో చేయడానికి వీల్లేదు, కారు చూడాలి కదా. ఒక రేకు కప్పు కింద బల్ల, నాలుగు కుర్చీలు. మధ్యలో అధికారిగారు, ఒక పక్క పందెం కమిటీ నుంచి వచ్చినాయన, ఇంకో పక్క పెద్ద ఇన్‌స్పెక్టరు. ఆ ఇన్‌స్పెక్టరంటే మా వృత్తిలో అందరికీ హడలు. రిటైరవడానికి ఏడాదే ఉంది, కళ్ళు మాత్రం గద్ద కళ్ళు.

కన్వర్టర్ విప్పి బల్ల మీద పెట్టారు. అన్నయ్య తన ఆరు వాక్యాలూ తనే చదివాడు. ఇన్‌స్పెక్టరు భూతద్దం తీసి డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశాడు. వేలితో తట్టాడు. రెండు వైపుల నుంచీ లైటు వేసి చూశాడు.

"దీన్నెవరూ ముట్టలేదు," అన్నాడు. "ఇది కంపెనీ అతుకు."

"కాదండి, నేను వేసిందే," అన్నాడు అన్నయ్య.

"నాకు చెప్తావా? నేను చూసినన్ని నువ్వు చూశావా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేసినవాడు చేశానంటుంటే, చేయలేదని వాళ్ళు వాదిస్తున్నారు. కమిటీ ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఎందుకండీ ఈ నాటకం? టీచరమ్మగారు ఈయన్ని ఎలా ఒప్పించారో మనకెందుకులెండి," అన్నాడు. అంటూ పెదవి చివర ఒక నవ్వు నవ్వాడు.

టీచరమ్మ మొహం తెల్లగా పాలిపోయింది. ఆ నవ్వు చూసేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బోర్డు, మూడేళ్ళు, ఏవీ గుర్తు లేవు. లేచి బల్ల దగ్గరికి వెళ్ళాను.

"ఆ నలుపు పూసింది నేను," అన్నాను. "అది తుప్పూ కాదు, దానంతటది పట్టిన మసీ కాదు. పాత ఆయిల్లో మసీ దుమ్మూ కలిపి నాలుగు పూతలు పూసి కాల్చాను. థిన్నరు పెట్టి ఇక్కడ తుడవండి. అక్కడా ఇక్కడా కాదు, ఈ వేలి కింద."

ఇన్‌స్పెక్టరు నా మొహం చూశాడు, అన్నయ్య మొహం చూశాడు. గుడ్డ తడిపి తనే తుడిచాడు. మొదట ఏమీ రాలేదు. గట్టిగా రుద్దాడు. నల్లటి పొర వలిచినట్టు లేచింది, దాని కింద వెంట్రుక మందాన వెండి గీత. ఆయన భూతద్దం దింపి, మళ్ళీ ఎత్తాడు.

"గీత మీదే కోయించండి," అన్నాడు అన్నయ్య. "లోపల రెండు బిళ్ళలుంటాయి, వేలి మందం. పైవైపు గోడ మీద ఇరవై మూడు అని ఉంటుంది. దాని కింద నెల, సంవత్సరం."

కోశారు. రెండు బిళ్ళలూ దొర్లి బల్ల మీద పడ్డాయి. లోపల ఏమీ లేదు. ఇన్‌స్పెక్టరు గోడ మీద వేలు పెట్టి తడిమి, చాకు మొనతో గీకడం మొదలుపెట్టాడు. మసి గట్టిపడి పెచ్చులా ఉంది, ఒక పట్టాన రాలేదు. ముందు ఇరవై మూడు కనిపించింది, తర్వాత నెల, చివర సంవత్సరం.

"ఈ తేదీ ఈమధ్య కొట్టి ఉండొచ్చు కదా?" అన్నాడు కమిటీ ఆయన. ఇప్పుడు నవ్వు లేదు.

"ఈ పెచ్చు చూడండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఏడాదిన్నరలో ఇంత మసి పట్టదు. ఇది ఏళ్ళ తరబడి కాలింది. ఆవిడ ఈ కారు కొనకముందు సంగతే ఇది, నేను రాసిస్తాను." తర్వాత అన్నయ్య వైపు తిరిగాడు. కోపంగానే అన్నాడు గానీ, ఆ కోపంలో ఇంకేదో కూడా ఉంది. "ఇంత చేయి పెట్టుకుని ఈ పనా నువ్వు చేసింది?"

అన్నయ్య తల దించుకున్నాడు. అన్నయ్యని అలా నేనెప్పుడూ చూడలేదు.

"ఇలాంటివి ఎన్ని?" అని అధికారిగారు అడిగారు.

ఒకటే అని చెప్పమని నేను కళ్ళతో సైగ చేశాను. అధికారిగారికి కావాల్సింది కూడా అదేనని నాకనిపించింది, కలం ఎత్తి పట్టుకుని ఉన్నారు.

"నలభై," అన్నాడు అన్నయ్య. "అన్నిట్లోనూ నంబర్లున్నాయి. ఎవరివో నాకు గుర్తే. అన్నీ నేనే సరిచేస్తాను."

టీచరమ్మ లైసెన్సు మీద విచారణ అక్కడికక్కడే కొట్టేశారు. నోటీసు తీసేయమని కమిటీకి రాశారు. ఆ తర్వాత అధికారిగారు ఇంకో కాగితం తీసుకుని, మా షాపు అనుమతి ఆ రోజుతో రద్దని రాసి, అన్నయ్య చేత సంతకం పెట్టించారు. నేను మూడేళ్ళు తిరిగి తెచ్చినది పోవడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంటికి వచ్చి బోర్డు నేనే విప్పాను. అన్నయ్య విప్పుతానంటే ఒప్పుకోలేదు.

రెండు రోజుల తర్వాత టీచరమ్మ వచ్చింది. కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చిందనుకుని టీ తెప్పించబోయాను.

"టీ వద్దండి," అంది. "మీరు నిజం చెప్పారు, నాకు తెలుసు. కానీ నాలుగు నెలలు ఊరంతా నన్ను దొంగంది. అది మీరు చేసిన పని వల్లే. నాకింకా కోపం పోలేదు."

"పోకూడదు కూడా," అన్నాడు అన్నయ్య.

"కప్పు తిరిగి ఇస్తామన్నారు. వద్దన్నాను. నాకు తెలియకపోయినా, ఆ కారు గుల్లగానే కదా కొండెక్కింది. అది నా కప్పు కాదు." తాళం కౌంటరు మీద పెట్టింది. "మళ్ళీ ఎక్కుతాను. లోపలేముందో ఈసారి నా కళ్ళతో చూసుకుని ఎక్కుతాను."

అన్నయ్య కొత్త కన్వర్టరు ముందే తెప్పించి ఉంచాడు. ఆవిడ పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా లిఫ్టు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. అన్నయ్య నట్టు విప్పితే చూసింది, గొట్టం కోస్తే చూసింది. డబ్బా బిగించే ముందు తన చేతికి తీసుకుని బరువు చూసింది, వెలుతురుకి పెట్టి కన్నాల్లోంచి చూసింది. అన్నయ్య వెల్డింగు మొదలుపెట్టినప్పుడు ఇంకో జత వెల్డింగు కళ్ళద్దాలు అడిగి పెట్టుకుని మరీ చూసింది. ఒక మనిషి అనుమానంతో పక్కన కూర్చుంటే పనిచేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. మధ్యలో అన్నయ్య ఒక్కసారి కూడా పక్కకి జరగమనలేదు. పైగా తను అడ్డం వచ్చినప్పుడల్లా ఆవిడకి కనపడేలా జరిగాడు.

పొగ పరీక్ష చేసే మా గ్యాస్ మిషన్ను రవాణా ఆఫీసువాళ్ళు పట్టుకుపోయారు కాబట్టి, ఆవిడ కారు వేరేచోటికి తీసుకెళ్ళి, ఇంజను గట్టిగా తిప్పించి పరీక్ష చేయించుకుంది. ఐదున్నరకి తిరిగి వచ్చి, కిటికీలోంచి కాగితం చూపించింది. పాసైంది.

"ఇకమీద ఎవరైనా అడిగితే నేను చూశానని చెప్తాను," అంది. "మీరు చేశారు కాబట్టి బాగుందని మాత్రం చెప్పను."

"అంతే చాలమ్మా," అన్నాడు అన్నయ్య.

ఇండికేటరు వేసి, రెండు వైపులా చూసి, నెమ్మదిగా రోడ్డు మీదికి వెళ్ళింది. అంత వేగం పోయే కారుని అంత పద్ధతిగా నడిపే మనిషిని నేనింకా చూడలేదు. నాకు ఒళ్ళంతా నొప్పులు. ఇంటికి పోదామని షట్టరు కొక్కెం అందుకున్నాను. అన్నయ్య చేతులు కూడా కడుక్కోకుండా ఫోను దగ్గరికి వచ్చి, నా చేతికి రిసీవరిచ్చాడు.

"ఎవరికి?"

"మొదటివాడికి. నలుపు జీపు. కారు తీసుకురమ్మని చెప్పు, రానంటే మనమే వస్తామని చెప్పు."

"ఇప్పుడేనా? ఈ రోజుకి ఒకటైంది కదా."

"ఒకటైంది," అన్నాడు అన్నయ్య. "ఇంకా ముప్పై తొమ్మిది."